అరగ్లాసు బియ్యం మీద ఏకాభిప్రాయం

లైబ్రరీ పుస్తకం చివర ఒక తెల్లకాగితం ఉంటుంది. అది ఎందుకుందో అచ్చువేసినవాళ్ళకి తెలియకపోవచ్చు గానీ మా ఊరి పాఠకులకి బాగా తెలుసు. అభిప్రాయాలు రాయడానికి. పెన్సిలుతో రాస్తారు, సంతకం పెడతారు, కింద రాసినవాడు పైన రాసినవాణ్ణి తిడతాడు. "పుస్తకముల మీద వ్రాయరాదు" అని గోడకి బోర్డు పెట్టాం. ఆ బోర్డు మీద ఎవరో "సరే" అని రాశారు.

కాలవగట్టు శాఖా గ్రంథాలయానికి గ్రంథపాలకురాలిని నేను. పేరు కస్తూరి. పెళ్ళి కాలేదు. "ఎందుకు చేసుకోలేదమ్మా?" అని అడిగేవాళ్ళకి మొదట్లో కారణాలు చెప్పేదాన్ని. తరవాత సాకులు చెప్పేదాన్ని. ఇప్పుడు "మీరెందుకు చేసుకున్నారండీ?" అని అడుగుతున్నాను. చాలామందికి గబుక్కున జవాబు తట్టడం లేదు.

మా లైబ్రరీలో ఏ పుస్తకం వెనకాలా జరగనంత యుద్ధం ‘అరగ్లాసు బియ్యం’ అనే హాస్యనవల వెనకాల జరిగింది. అందులో వకుళ అనే ఆవిడ రోజుకి అరగ్లాసు బియ్యం వండుకుంటూ ఒక్కత్తే ఉంటుంది. ఒక్కత్తే ఉండే ఆడదానికి ఊళ్ళో ఎవరూ ఇల్లు అద్దెకివ్వరు. విసిగిపోయి బజార్లో ఒక మగ చొక్కా కొని, పెరట్లో తీగ మీద ఆరేస్తుంది. ఇల్లు దొరుకుతుంది. ఇక అక్కణ్ణించి వీధంతా ఆ చొక్కాకి మర్యాద చేస్తుంది. ఒక్క చొక్కాతో నెట్టుకొస్తున్నాడు పాపం అని జాలిపడుతుంది. చివరికి కాలనీ సంఘం వాళ్ళు ఆ చొక్కాని కోశాధికారిగా ఎన్నుకుంటారు. ఆఖరి పేజీలో వకుళ దాన్ని చింపి కుక్కరు దింపుకోవడానికి మసిగుడ్డ చేసుకుంటుంది. అదీ కథ.

వెనక కాగితం మీద ఏం రాశారో చూడండి.

"పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. డ్యూటీలో చదవకండి, పేషెంట్లు భయపడుతున్నారు. – మేరీ సుగుణ, స్టాఫ్ నర్సు."

"ముగింపు లేదు. పిల్లకి పెళ్ళి కాకుండా కథ ఎలా అయిపోతుంది? – చిదంబరం, రిటైర్డు సర్వేయరు."

దాని కిందే ఆడచేతిరాత: "మీ కథ పెళ్ళితోనే అయిపోయిందిగా, సుఖపడ్డారా?"

ఇంకా కింద, గీత గీసినట్టు నిటారుగా ఉన్న అక్షరాలతో: "నవ్వు రాలేదు. – దమయంతి, రిటైర్డు హిందీ పండిట్."

ఈ చివరిది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంటే ఆ నవల రాసింది నేనే.

అట్ట మీద వేరే పేరుంటుంది. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలీదు, తెలియనివ్వలేదు. తెలిస్తే మర్యాద మొదలవుతుంది. "బాగా రాశారండీ" అని కాఫీ ఇస్తారు. కాఫీ ఎక్కడైనా దొరుకుతుంది, ఆ తెల్లకాగితం ఎక్కడ దొరుకుతుంది? మధ్యాహ్నాలు ఆడవాళ్ళ బల్ల దగ్గర సుగుణా, దమయంతి టీచరుగారూ ఆ పుస్తకం కోసం పోట్లాడుకుంటుంటే నేను కౌంటర్లో తలొంచుకుని రబ్బరు స్టాంపులు తుడుచుకుంటూ వినేదాన్ని. లోకంలో అంతకంటే సుఖం ఉంటుందని నేననుకోను. దమయంతిగారు ఒక్కసారి నవ్వితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనిపించేది. ఆవిడ నవ్వేది కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అచ్చు వేయించిన కాపీల్లో మిగిలిన కట్టలన్నీ మా ఇంట్లో చెదలు తినేశాయి. అభిప్రాయం చెప్పకుండా తిన్న పాఠకులు అవొక్కటే. ఇప్పుడు లోకం మొత్తానికి ఆ నవల ఉన్నది మా లైబ్రరీలోనే, ఒకే ఒక్క కాపీ.

ఆ పరిస్థితుల్లో పరాంకుశంగారు వచ్చారు.

జిల్లా ఏకాభిప్రాయ అధికారి అని చీటీ పంపించారు. అలాంటి అధికారి ఉంటారని నాకు అంతకుముందు తెలీదు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగకుండా ఉన్నారు. కూర్చోకముందే మొదలుపెట్టారు.

"ఈ శాఖయందు గల గ్రంథములలో పాఠకాభిప్రాయ వైరుధ్యము గలవి యెన్ని?"

"అంటే ఏంటండీ?"

"ఒకరు బాగున్నదనియు, మరియొకరు బాగులేదనియు చెప్పునవి."

"అన్నీనండి."

ఆయన ముఖం చిన్నబోయింది. "ఒక్కటైనను లేదా? నిర్వివాదమైన గ్రంథము?"

"రైల్వే టైంటేబులు ఉండేదండి. దాని వెనకాల కూడా ఎవరో ‘అంతా కల్పితం’ అని రాసేశారు."

అప్పుడు ఆయన నాకు పథకం వివరించారు. దాని పేరు పాఠకాభిప్రాయ ఏకీకరణ పథకం. లైబ్రరీ పుస్తకం ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తి మీద రెండు పరస్పర విరుద్ధమైన మాటలు ఉండటం పరిపాలనా లోపం. "వీధి దీపము వెలుగుచున్నదా, లేదా? రెండును కాజాలదు గదా! పుస్తకమును అట్లే" అన్నారు. మా వీధి దీపం రెండూ చేస్తుందని చెబుదామనుకుని మానేశాను. ప్రయోగాత్మకంగా ఒక శాఖలో ఒక పుస్తకం తీసుకుంటారట. నెలాఖరులోగా దాని మీద పాఠకులందరి అభిప్రాయం ఒకటైపోవాలి. అయితే దాన్ని మేలైనదని ముద్ర వేసి బీరువాలో పెడతారు. కాకపోతే అభిప్రాయభ్రష్ట గ్రంథంగా ప్రకటించి పాతకాగితాల తూకానికి వేసేస్తారు.

"ఏ పుస్తకమండీ?" అని అడిగాను.

ఆయన బీరువా దగ్గరికెళ్ళి, వెనక కాగితం అన్నిటికంటే నల్లగా ఉన్న పుస్తకాన్ని వేలు పెట్టి లాగారు. అది ‘అరగ్లాసు బియ్యం’.

"అధ్యయన నిమిత్తము దీనిని నా వద్ద నుంచుకొందును" అని సంచీలో వేసుకున్నారు. తలుపు దాకా వెళ్ళి ఆగి, కాస్త గొంతు తగ్గించారు. "ఈ పట్టణమందు అద్దె ఇండ్లు దొరకునా? ప్రస్తుతము లాడ్జియందు విడిసియున్నాను."

"ఫ్యామిలీ ఉందాండి?"

"లేదు. అవివాహితుడను."

"అయితే దొరకవండి" అన్నాను. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను నిపుణురాలిని.

పదిరోజుల తరవాత సుగుణ ఆడవాళ్ళ బల్ల దగ్గర కూలబడుతూ, "మీ ఆఫీసరుగారు మా వీధిలోనే దిగారండోయ్, ఎదురింటి మేడ మీద వాటాలో" అంది. "భార్యగారు వచ్చారంట. నేనింకా చూళ్ళేదు. మనిషి బయటికి రారు."

ఈ పదిరోజుల్లో పెళ్ళి కూడా చేసుకొచ్చేశాడన్నమాట అనుకున్నాను. ప్రభుత్వం పనులు నెమ్మదిగా జరుగుతాయని జనం ఊరికే అంటారు.

మొదటి విచారణ లైబ్రరీ హాల్లోనే జరిగింది. పుస్తకాన్ని ఎర్రగుడ్డలో చుట్టి తెచ్చారు పరాంకుశంగారు. బల్ల మీద పెట్టి, పక్కన ఒక గంట పెట్టి, కూర్చున్నారు. చిదంబరంగారు పేపరు మడిచి ముందు వరసలోకొచ్చారు.

"నవల ఒంటరి స్త్రీని గూర్చినది" అన్నారు అధికారి. "కావున తద్విషయమై అభిప్రాయము వెల్లడించు అర్హత ఒంటరి స్త్రీలకు మాత్రమే కలదు. ఇందుమూలముగా చిదంబరంగారి అభిప్రాయము త్రోసిపుచ్చబడినది."

చిదంబరంగారు లేచి నిలబడ్డారు. "అదేంటండీ? పాముల మీద పుస్తకం వేస్తే పామే వచ్చి చదవాలా?"

"ఆ గ్రంథము వచ్చినపుడు పరిశీలింపబడును" అని గంట కొట్టారు.

ఒంటరి స్త్రీ అని ఎవరు నిర్ణయిస్తారు? దానికీ ఆయన దగ్గర ఏర్పాటు ఉంది. నాలుగు రకాలట. పెళ్ళి కానివారు. భర్త పోయినవారు. భర్త వదిలేసినవారు, లేదా భర్తను వదిలేసినవారు. నాలుగోది ఎవరికీ అన్యాయం జరగకూడదని ఆయనే ఆలోచించి చేర్చారు: భర్త ఉండియు లేనట్లుగా జీవించువారు.

ఆ నాలుగోది బోర్డు మీద రాసి తలుపుకి తగిలించడం నా ప్రాణానికొచ్చింది. మర్నాడు తాళం తీద్దామని వచ్చేసరికి లైను కాలవ వంతెన దాకా ఉంది. కిరాణా కొట్టువారి కోడలు, పోస్టుమాస్టరుగారి భార్య, మెడనిండా నల్లపూసలతో నేనెప్పుడూ చూడని ఆడవాళ్ళు. పుస్తకం చదివారా అంటే "అది తరవాత చదువుతాంలెండి, ముందు మమ్మల్ని రాసుకోండి" అన్నారు. లైన్లో మూడో మనిషి చిదంబరంగారి భార్య సీతాలక్ష్మిగారు.

"ఇదిగో, ఏంటిది? నేను బతికే ఉన్నానుగా!" అని చిదంబరంగారు లబోదిబోమన్నారు.

"ఉన్నారండి. పేపరు వెనకాల ఉన్నారు" అంది ఆవిడ తాపీగా. "నిన్న పులుసులో ఉప్పెయ్యలేదు, తెలిసిందా మీకు? రాసుకోండి బాబూ, నాలుగో రకం."

పరాంకుశంగారు కంగారుపడి అడ్డం వేశారు. నాలుగో రకంవారు భర్త సంతకం తీసుకురావాలన్నారు. అంటే తాను లేనట్టేనని మొగుడే ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఇక లైను చెదిరిపోతుందని ఆయన ఆశ. సాయంత్రానికల్లా అందరూ సంతకాలతో వచ్చేశారు. మొగుళ్ళు అదేం కాగితమో చూడకుండానే పెట్టేశారట. అంతకంటే రుజువేం కావాలి? ఆయన అందరినీ చేర్చుకోక తప్పలేదు.

దాంతో పుస్తకానికి పాఠకులు ఎక్కువైపోయారు. ఉన్నది ఒకటే కాపీ కాబట్టి ఆయన సమక్షంలో, లైబ్రరీలోనే, వంతులవారీగా చదివారు. అభిప్రాయాలు ఒకటి కావడం అటుంచి, పుట్టల్లోంచి చీమల్లా వచ్చిపడ్డాయి. వకుళ పొగరుబోతు అని ఒకరు. పొగరు ఇంకా చాలదు అని ఒకరు. చొక్కా అంత చవగ్గా దొరకదు అని ఒకరు. హాస్యం పలచగా ఉందని ఒకరు, చిక్కగా ఉందని ఒకరు. పోస్టుమాస్టరుగారి భార్య అంతా చదివి పుస్తకం మూసి, "రోజుకి అరగ్లాసేనా? రెండు పూటలా మిగిలింది తినక్కర్లేదా? ఎంత అదృష్టవంతురాలమ్మా!" అని కళ్ళొత్తుకుంది. హాస్యనవలకి అది ఏ కోవలోకొచ్చే అభిప్రాయమో అధికారికి అంతుపట్టలేదు.

నేను మాత్రం అన్నం కూడా మరిచిపోయి విన్నాను. మూడేళ్ళు కూర్చుని రాసిన పుస్తకం, ఊరంతా నోటికొచ్చినట్టు మాట్లాడుతోంది. తూకానికి పోతుందన్న భయం ఒక పక్క, ఇంకా మాట్లాడితే బాగుండునన్న ఆశ ఒక పక్క. అభిప్రాయం పెరిగేకొద్దీ నా పుస్తకానికి ఆయుష్షు తగ్గుతోందని తెలిసి కూడా, ఇంకెవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూశాను. రచయితలంత బుద్ధిలేనివాళ్ళు ఎక్కడా ఉండరు.

దమయంతి టీచరుగారు మొదటి రకం. పెళ్ళి చేసుకోలేదు. మళ్ళీ చదివి, మళ్ళీ అదే మాట చెప్పింది. "నవ్వు రాలేదు."

"అమ్మా, మీరొక్కరు నవ్వినచో ఏకాభిప్రాయమునకు మార్గము సుగమమగును" అని అధికారి బతిమాలారు.

"వస్తే నవ్వనా నాయనా? దాచుకుని ఏం చేసుకుంటాను?" అందావిడ.

రెండో విచారణలో చర్చ వకుళ మీదికి తిరిగింది. అసలు ఆవిడ ఒంటరి స్త్రీయేనా?

"చొక్కా ఉన్నది గదా!" అన్నారు అధికారి. "ప్రజలందరును ఆ చొక్కాను భర్తగా గుర్తించియున్నారు. సంఘము దానికి పదవి సైతము ఇచ్చినది. అట్టిచో వకుళ యొక్క వైవాహిక స్థితి ఏమి?"

"అది చొక్కా అండీ. అందులో మనిషి లేడు" అంది సుగుణ.

"నాలుగవ రకమందును మనిషి లేడు. అయినను మనము గుర్తించియున్నాము."

ఈ మాటకి సీతాలక్ష్మిగారు చప్పట్లు కొట్టింది. చివరికి వకుళ నాలుగో రకంలోకి వస్తుందని తీర్మానించారు. చొక్కా సంతకం పెట్టలేదు కాబట్టి ఆ తీర్మానం తాత్కాలికం అన్నారు.

నెలాఖరు వచ్చేసింది. తూకంవాడికి కబురు కూడా వెళ్ళింది. ఆ ఉదయం పరాంకుశంగారు ముఖం వెలిగిపోతూ వచ్చారు. ఉపాయం దొరికిందట.

"విభేదములున్న భాగములను తొలగించినచో, మిగులునది ఏకాభిప్రాయమే గదా! నేను వాక్యములను చదివెదను. ఏ ఒక్కరికి అభ్యంతరమున్నను ఆ వాక్యము రద్దగును."

మొదలుపెట్టారు. ఆ గొంతుతో నా నవల వినాల్సి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. చొక్కా తీగ మీద ఊగే చోటు ఆయన చదువుతుంటే ఎవరి ఇల్లో వేలం వేస్తున్నట్టుంది. మొదటి వాక్యం దమయంతిగారు వద్దన్నారు, నవ్వు రాలేదని. రెండోది చిదంబరంగారి భార్య వద్దంది, అందులో ఇంటివాడు మంచివాడిలా ఉన్నాడని. వకుళ అందంగా ఉందన్న వాక్యం కొందరు వద్దన్నారు, అందంగా లేదన్న వాక్యం మరికొందరు వద్దన్నారు. చొక్కా మొత్తం పోయింది. ఇల్లు పోయింది. కాలనీ సంఘం రద్దయింది. సుగుణ పాపం తనకి నచ్చిన ప్రతి వాక్యానికీ చెయ్యెత్తి "ఇది ఉంచండి సార్, ఇది ఉంచండి" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. నేను కౌంటర్లో గుడ్లనీరు కుక్కుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ఒక్క వాక్యం మిగిలింది. మూడో ప్రకరణంలోది.

"అన్నం ఉడికింది."

పరాంకుశంగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, హాలంతా చూశారు. "దీనిపై ఎవరికైనను అభ్యంతరము కలదా?"

 అన్నం ఉడకడం మీద ఎవరికేం అభ్యంతరం ఉంటుంది?

"ఏకాభిప్రాయము!" అన్నారాయన. జేబులోంచి బ్లేడు తీసి నా ముందు పెట్టారు. "గ్రంథపాలకురాలుగారూ, ఈ వాక్యమున్న కాగితమును ఉంచి తక్కినవి కోసివేయుడు."

నా పుస్తకాన్ని నా చేత్తోనే. బ్లేడు తీసుకున్నాను. ఉద్యోగం అలాంటిది. నేను రాశానని అరిచేద్దామా అనిపించింది. అరిస్తే రచయిత్రి అభిప్రాయం కూడా రాసుకుంటారు, ఆ ఒక్క వాక్యం కూడా పోతుంది.

"ఆగమ్మాయ్" అంది దమయంతి టీచరుగారు. "నాకు అభ్యంతరం ఉంది."

"దేనిపై?"

"అన్నం ఉడకలేదు."

హాలు గొల్లుమంది. ఆవిడ లేచి నిలబడింది. "నవ్వుతారేంటి? పైన రాసింది నేను చదివాను. అరగ్లాసు బియ్యానికి గ్లాసు నీళ్ళు పోసిందట. పాతబియ్యమైతే పలుకు ఉంటుంది. ఎలా ఉడుకుతుంది?"

"నేనూ గ్లాసే పోస్తానండి, మల్లెపూవులా వస్తుంది" అంది సుగుణ బొంగురు గొంతుతో.

"నీ పళ్ళు గట్టివి."

"చాలదమ్మా, గ్లాసు చాలదు" అన్నారు పరాంకుశంగారు, ఉండబట్టలేక. "గ్లాసున్నర పోయవలె. నేను ప్రతిదినము అట్లే..." అని ఆగిపోయారు.

సుగుణ ఆయన వైపు వింతగా చూసింది. "మీరు వండుకోటవేంటండీ? అమ్మగారికి ఒంట్లో బాగోలేదా?"

ఆయన బల్ల మీద కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"మా వీధంతా అదే అనుకుంటున్నావండి" అంది సుగుణ మాకు చెబుతున్నట్టు. "మనిషి బయటికి రారు. రోజూ అదే ఆకుపచ్చ చీర ఆరేస్తారు. పాపం ఒక్క చీరతో ఎలా నెగ్గుకొస్తున్నారోనని మా ఇంటి ఓనరమ్మ కొత్తది కూడా కొని ఉంచింది. నీళ్ళోసుకున్నారేమోనని చింతకాయ పచ్చడి కూడా పంపించాం."

 ఆ కథ అక్కడ అందరూ చదివిందే. చొక్కా బదులు చీర, అంతే. ఒక్కొక్కళ్ళ ముఖం మీదా వెలుగు రావడం నేను కౌంటర్లోంచి చూశాను.

పరాంకుశంగారు గంటని పక్కకి జరిపి, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నారు.

"పచ్చడి బాగుందమ్మా" అన్నారు.

ఆయన మనుషుల్లా మాట్లాడటం అదే మొదటిసారి. తరవాత ఇక ఆపలేకపోయారు.

"ఏం చెయ్యమంటారు? ఈ ఊళ్ళో నేనెక్కని మెట్టు లేదు. పెళ్ళయిందా అంటారు. కాలేదంటే తలుపు మొహం మీదే వేసేస్తారు. లాడ్జిలో నల్లులు. సంచీలో ఈ పుస్తకం ఉంది. చదివాను. చొక్కాతో ఆవిడకి ఇల్లొచ్చిందిగదా అని నేనో చీర కొని తెచ్చుకున్నాను. నిజంగానే ఇల్లిచ్చారండీ! కానీ..." ఆయన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని ఊపారు. "రచయిత్రి సగమే రాసింది! చొక్కాని ఎన్నికల్లో నిలబెడతారని రాసింది గానీ, చీరని పేరంటానికి పిలుస్తారని రాయలేదు. రోజూ ఎవరో ఒకరు పసుపు, కుంకుమ పట్టుకుని మెట్లెక్కుతారు. సీమంతం ఎప్పుడని అడుగుతున్నారు. నేనేం చెప్పను? అందరూ హాస్యం హాస్యం అంటున్నారు. నాకైతే ఏడుపొచ్చింది!"

హాలు హాలంతా ఒక్కసారి పగిలినట్టు నవ్వింది. సుగుణ బల్ల మీద పడి దొర్లింది. చిదంబరంగారి కళ్ళద్దాలు ఊడి పేపర్లో పడ్డాయి. కాసేపటికి పరాంకుశంగారు కూడా నవ్వారు, ముందు చెయ్యి అడ్డం పెట్టుకుని, తరవాత తీసేసి. నేను దమయంతిగారి వైపే చూస్తున్నాను. ఆవిడ పెదవి కదల్లేదు.

నవ్వు తగ్గాక ఆయనకి పథకం గుర్తొచ్చింది. ముఖం వాడిపోయింది.

"ఇప్పుడు నా అభిప్రాయం కూడా వేరైపోయింది. అధికారే విభేదిస్తే ఇంకేం మిగిలింది? తూకానికి వెయ్యాల్సిందే" అన్నారు. తూకంవాడు అప్పటికే గుమ్మంలో సైకిలు స్టాండు వేసి, గోనెసంచీ దులుపుతున్నాడు.

నేను పుస్తకం మీద చెయ్యి వేశాను. తియ్యలేదు.

"ఇదిగో నాయనా" అంది దమయంతి టీచరుగారు. ముప్పయ్యేళ్ళు క్లాసులు చెప్పిన గొంతు, హాలంతా సర్దుకుని కూర్చుంది. "ఇంతమందిమి ఉన్నాం. ఒక్కళ్ళైనా ఈ పుస్తకాన్ని మధ్యలో వదిలేశారా? వదిలేసినవాళ్ళు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు.

"వదిలేద్దామనే అనుకున్నానండీ" అన్నారు చిదంబరంగారు. "ఎక్కడైనా పెళ్ళవుతుందేమోనని ఆఖరిదాకా చూశాను."

"నేను తిట్టుకుంటూ చదివాను" అంది సీతాలక్ష్మిగారు. "తిట్టుకోడానికైనా చదవాలిగా."

"అదీ" అంది దమయంతిగారు. "నచ్చినవాళ్ళూ చివరిదాకా చదివారు, నచ్చనివాళ్ళూ చివరిదాకా చదివారు, మీరు ఏడుస్తూ చివరిదాకా చదివారు. ఇంతకంటే ఏకాభిప్రాయం ఏ పుస్తకానికి కుదురుతుంది? రాసుకోండి."

పరాంకుశంగారు కలం తీశారు. మళ్ళీ ఆ పాత భాష ఆయన ఒంట్లోకి వచ్చేసింది గానీ, ఈసారి నా చెవికి ఇంపుగానే ఉంది.

"సదరు గ్రంథమును పాఠకులెల్లరును కడవరకును చదివినారనుటలో ఏకాభిప్రాయము సిద్ధించినది. కావున యథాస్థానమున ఉంచవలెను" అని రాసి, సంతకం చేసి, గంట కొట్టారు. తూకంవాడికి పాత టెండరు కాగితాలిచ్చి పంపించేశాం.

పథకం గొప్ప విజయం సాధించిందని పైనించి ప్రకటించారు. విజయవంతమైన పథకాలకి మామూలుగా జరిగేదే దానికీ జరిగింది, ఆపేశారు. పరాంకుశంగారి భార్య పుట్టింటికి వెళ్ళిపోయిందని సుగుణే వీధిలో చెప్పింది. అప్పటినించీ ఆయనకి పూటకో ఇంటినించి క్యారేజీ వస్తోందట. ఇల్లు ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం హాల్లో ఎవరూ లేరు. దమయంతి టీచరుగారు తిన్నగా బీరువా దగ్గరికెళ్ళి ఆ పుస్తకం తీసుకొచ్చి కౌంటరు మీద పెట్టింది. నా పెన్సిలు తీసుకుని, వెనక కాగితం మీద మిగిలిన కాస్త జాగాలో నా ఎదురుగానే రాసింది: "ఇప్పుడూ నవ్వు రాలేదు."

నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. "మరెందుకండీ మళ్ళీ తీసుకెళ్ళడం?" అన్నాను.

"నీళ్ళెంతో ఇంకోసారి చూద్దామని." పుస్తకం సంచీలో పెట్టుకుంది. "రెండో ముద్రణలో గ్లాసున్నర చెయ్యి. తెలిసిందా?"

 "మీకు... ఎప్పటినించి తెలుసండీ?"

"రోజూ ఈ కౌంటరు వెనకే కూర్చుని నువ్వు క్యారేజీ విప్పి తింటావు. అన్నం పలుకు. వకుళ వండినట్టే ఉంటుంది" అంది. గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

కాసేపటికి కిటికీ తలుపు వేద్దామని లేచాను. ఆవిడ ఇంకా వెళ్ళలేదు. బయట మెట్ల మీద కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది, చొక్కాని కోశాధికారిగా ఎన్నుకునే చోట. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చీరచెంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది, లోపలికి వినబడకుండా.

నేను కిటికీ వెయ్యలేదు.